కళింగపట్నం మంచులో నేను పలకని పదిహేను నిమిషాలు

విశాఖపట్నంలో చూడాలనుకున్నవన్నీ మూడు రోజుల్లో చూసేశాం. కైలాసగిరి ఎక్కాం, బీచ్ రోడ్డులో జలాంతర్గామి లోపల తలలు వంచుకుని నడిచాం, భీమిలి దాకా వెళ్ళొచ్చాం. ఎక్కడ చూసినా జనమే. తిరుగు రైలుకి ఇంకో రోజు మిగిలింది. “మనుషుల్లేని సముద్రం ఒక్కటి చూపించవే” అంది అక్క. అక్క ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి ఈమధ్యే రిటైరైంది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నడకలో మాత్రం నేనే వెనక. నాకు నీళ్ళంటే చిన్నప్పటినుంచీ భయం, తనకి ఏ భయమూ లేదు. ఇద్దరం కూర్చుని మ్యాప్ చూసి శ్రీకాకుళం జిల్లాలో మూడు చోట్లు ఎంచుకున్నాం: కళింగపట్నం, శాలిహుండం, శ్రీకూర్మం.

డిసెంబరు చివరి వారం. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తెల్లవారుజామున ఐదింటి బస్సు ఎక్కితే ఎనిమిదికి ముందే శ్రీకాకుళంలో దిగాం. టికెట్టు ఒక్కొక్కరికి రెండొందల లోపే. బస్టాండు బయట ఇడ్లీ తిని, మూడు చోట్లూ తిప్పి సాయంత్రానికి తిరిగి దించేలా పదిహేను వందలకి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు అప్పన్న, యాభై ఏళ్ళుంటాయి. దారిపొడవునా కోత కోసిన పొలాలు, వాటి మీద మోకాలెత్తున పల్చటి మంచు. ఎండ కూడా ఉంది. కళింగపట్నం చేరేసరికి తొమ్మిదయింది. లైట్‌హౌస్ చారలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఒడ్డున పడవలు, వలలు, ఇసుక మీద ఎండుతున్న చేపలు. అక్క కోరుకున్నట్టే సముద్రం దాదాపు ఖాళీగా ఉంది.

“వంశధార కలిసే సోటు సూడాలంటే ఈ ఇసుక దిబ్బమీద సక్కా పోవడమే” అన్నాడు అప్పన్న. “అరగంట నడక. కుడిపక్క సముద్రం, ఎడంపక్క ఏరు. పోటు రావడానికి ఇంకా టైమున్నాది. నేను టీకొట్టు కాడ ఉంతాను.”

దిబ్బ పోనుపోను సన్నబడింది. అక్క చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడుస్తోంది. నేను ఎండ్రకాయలు ఇసుకలో చేసిన ముగ్గుల్లాంటి గుర్తులు ఫొటో తీయడానికి ఆగాను. తలెత్తి చూస్తే అక్క వంద గజాల ముందుంది. తనకి అవతల సముద్రం మీద తెల్లటి గీత ఒకటి కనబడింది. అలల నురగేమో అనుకున్నాను. అది ఒడ్డుకొచ్చి ఆగలేదు. ముందు అక్క కనబడకుండా పోయింది. వెనక్కి తిరిగితే పడవలు లేవు, లైట్‌హౌస్ లేదు. చెయ్యి చాపితే వేళ్ళ దాకా కనబడుతోంది, అంతే. అంతసేపూ హోరెత్తిన అలల చప్పుడు గోడ అవతలికి వెళ్ళినట్టు తగ్గిపోయింది.

“అక్కా!” అని అరిచాను.

“ఇక్కడే ఉన్నానే, రా” అని వినబడింది, ఎదురుగా, కాస్త ఎడమవైపు. చాలా దగ్గరగా. అటు నడిచాను. మళ్ళీ “రా” అంది. పాదాలకి చల్లగా నీళ్ళు తగిలాయి. అలలు లేవు కాబట్టి గుంటేదో అనుకున్నాను. “ఎక్కడున్నావే?” అంటే “ఇక్కడే, రా” అని మళ్ళీ. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. నీళ్ళంటే భయపడేదాన్ని, ఎలా నడిచానో ఇప్పటికీ తెలియదు. అక్క గొంతు అక్కడుంది, అంతే తెలుసు.

వెనకనుంచి ఎవరో నా జబ్బ పట్టుకుని ఒక్క లాగు లాగారు. ఇసుకలో వెల్లకిలా పడ్డాను. మోకాళ్ళ పైకి చీర ఎగదోపుకున్న ఒకావిడ నా మీదికి వంగి చూస్తోంది.

“ఏటమ్మా, ఏటి సేత్తన్నావు? అది ఏరు! ఇంకో నాలుగడుగులేత్తే కాలందదు.”

ఆవిడ పేరు నూకాలమ్మ. చేపలు ఎండబెట్టుకునే మనిషి. మేమిద్దరం వెళ్ళడం చూసిందట, మంచు దిగినా తిరిగి రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చింది. “మా అక్క అక్కడుంది, పిలుస్తోంది” అని మళ్ళీ అరవబోయాను. చప్పున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి ఉప్పు వాసన.

“అరవకు. మంచులో పిలుపు ఏ పక్కనుంచొస్తాదో తెలీదు. ఇప్పుడు నువ్వు నీళ్ళలోకి ఎల్లినట్టే నీ పిలుపుకి ఆవిడా ఎల్లిపోతాది. పలక్కు.”

అక్క గొంతు మళ్ళీ వినబడింది. ఈసారి వెనకనుంచి. “ఎక్కడున్నావే? పలకవేం?” కాసేపటికి సముద్రం వైపునుంచి అదే ప్రశ్న. గొంతులో కంగారు. అక్క కంగారుపడగా అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నూకాలమ్మ నా చెయ్యి వదలకుండా, నడుం వంచి, ఇసుక చూసుకుంటూ నడిచింది. నా చెప్పుల గుర్తులు దొరికాయి, వాటి పక్కన అక్క ఉత్తి పాదాల గుర్తులు. నేను ఆగిన చోటు దాటాక అక్కవి మాత్రమే మిగిలాయి. కొంతదూరం తిన్నగా పోయి, ఒక్కసారిగా కుడివైపు తిరిగి, సముద్రంలోకి వెళ్ళిపోయాయి. అక్కడ అక్క చెప్పులు పడున్నాయి. అల వచ్చి ఒకదాన్ని కదిలించి పోయింది.

ఆ చెప్పులు పట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చాను. నూకాలమ్మ కూర్చోనివ్వలేదు. “నీళ్ళలోంచి అడుగులు పైకొచ్చినాయేమో సూడు. ఏడుపు తరవాత” అంది. తడి అంచు వెంబడే వెళ్ళాం. ఒకచోట అడుగులు పైకి వచ్చాయి, మళ్ళీ దిగాయి. ఇంకోచోట వచ్చాయి, దిగాయి. మూడోచోట దిగి పైకి రాలేదు. నూకాలమ్మ అక్కడే నన్ను నిలబెట్టి, “కదిలేవంటే సంపేత్తాను” అని నీళ్ళలోకి దిగింది. తెలుపులో కలిసిపోయింది. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్క పిలుపు కూడా ఆగిపోయింది.

పిలుపు వినబడినప్పటికంటే ఆగిపోయినప్పుడే ఎక్కువ భయపడ్డాను.

కాసేపటికి మంచులోంచి ఇద్దరూ వచ్చారు. నడుము దాకా నీళ్ళలో, సముద్రం వైపే తిరిగి, చెవి ఒగ్గి నిలబడి ఉందట అక్క. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుంది. తరవాత కోపంగా అంది:

“ఇక్కడుంటే మరి అక్కడినుంచి ఎందుకు పిలిచావే? అక్కా, రా, రా అని ఒకటే పిలుపు. ఇందాకటి దాకా పిలుస్తూనే ఉన్నావు.”

పదిహేను నిమిషాలుగా నా నోట్లోంచి మాట రాలేదు. ఆ సంగతి నూకాలమ్మకీ తెలుసు. ఆవిడ మొహం చూశాను. ఆశ్చర్యమేమీ లేదు. పైట కొంగు విప్పి అక్క తల తుడుస్తోంది.

“మీకూ వినబడిందా?” అని అడిగాను.

“వినబడతాది” అంది. “మేం పలకం.”

మంచు పోయేదాకా ముగ్గురం దిబ్బ నడిమధ్య ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. పదిన్నరకి ఎండ వచ్చింది. మేము కూర్చున్న చోటికి రెండు వైపులా నీళ్ళు ఇరవై అడుగుల దూరంలో మెరుస్తున్నాయి. నూకాలమ్మ ఇంట్లో అక్క ఆవిడ చీర కట్టుకుని వేడి టీ తాగింది. డబ్బులిస్తే ఆవిడ పుచ్చుకోలేదు. ఎండు నెత్తళ్ళు కొంటామంటే మాత్రం తూచి ఇచ్చింది. జరిగింది విని అప్పన్న మొహం పాలిపోయింది. “నాదే తప్పమ్మా, పడవోళ్ళని అడక్కుండా పంపీసినాను” అన్నాడు.

అక్క వెనక్కి వెళ్దామనలేదు. అనుకున్నట్టే శాలిహుండం కొండ ఎక్కాం. మిట్టమధ్యాహ్నం ఇటుక స్తూపాల మధ్య మేము తప్ప ఎవరూ లేరు. కింద వంశధార వెడల్పుగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది. సాయంత్రం శ్రీకూర్మంలో గుడి గోడల మీది పాత బొమ్మలు చూశాం, గుడిలో పెంచే తాబేళ్ళు ఆకుకూర నమలడం చూశాం. రోజంతా అక్క నా చెయ్యి వదల్లేదు. అయిదున్నర బస్సులో కిటికీ పక్కన కూర్చుని, “ఆ గొంతు నీదే. నీకు జలుబు చేసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది” అంది. నాకు జలుబు లేదు. ఆ మాట తనతో అనలేదు.

చదువుకున్నదాన్ని, మంచులో శబ్దం దారి తప్పుతుందని నాకు నేను చెప్పుకోగలను. నా మొదటి కేక అక్క చెవిలో అలాగే ఉండిపోయిందని కూడా అనుకోవచ్చు. పగలు ఆ లెక్క సరిపోతుంది. కానీ మనవాళ్ళు పిలిస్తే పలకడమే ప్రేమ అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఆరోజు అక్క పిలుస్తుంటే పలక్కపోవడమే నేను తనకోసం చేసిన పని. అది నేర్పినావిడ చేతి ఉప్పు వాసన మాత్రం నాకు ఏ లెక్కా లేకుండా గుర్తుంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: చలికాలంలో కళింగపట్నం దిబ్బ మీదికి పదిన్నర దాటాక, పడవలవాళ్ళని పోటు ఎప్పుడో అడిగాకే వెళ్ళండి. మంచు దిగితే ఉన్నచోటే పొడి ఇసుక మీద కూర్చుంటామని, ఎవరూ ఎవరినీ పిలవమని బయల్దేరే ముందే ఒట్టు వేసుకోండి.