మేడి పట్టినానని చెప్పిన రోజు

మా వకీలుకు చేను అంటే కాగితం మీద నాలుగు హద్దులు, అంతే. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ కోపం రాదు, ఏవగింపు వస్తుంది.

మాది బేస్తవారిపేట పక్క పల్లె. మా ఆయన పోయిన రెండేళ్లకు ఆయన అన్న, నాకు బావ అయ్యేవాడు, మా మెట్టచేను మీద కన్నేసినాడు. అన్నదమ్ములు ఎప్పుడో పంచుకున్న చేను అది. అయినా తమ్ముడు పోయినప్పటి నుంచి తానే సేద్యం చేస్తున్నట్టు కరణంతో లెక్కల్లో రాయించుకున్నాడు. నేను ఎద్దులను తోలుకుని చేనికి పోతుంటే అరుగు మీద కూర్చుని చూసినవాడే ఆ కరణం. అబద్ధం రాయడానికి వాడికి సిగ్గన్నా లేకపాయె.

మా నాయన నన్ను మార్కాపురం తీసుకపోయి వకీలు ముందర కూర్చోబెట్టినాడు. వకీలు నా మొహం చూడలేదు. "చేను ఎవరు దున్నుతున్నారు?" అని నాయననే అడిగినాడు.

"నేనే," అన్నా.

గోడ మాట్లాడినట్టు ఉలిక్కిపడినాడు.

"ఆ మాట కోర్టులో అనొద్దమ్మా. పరువుగల ఇంటి ఆడది నాగలి మేడి పట్టిందంటే నవ్వుతారు. పాలేరు దున్నినాడని చెప్పు. సేద్యం సంగతి నాకేం తెలుసు అను. కాస్త ఏడువు. మిగతాది నేను చూసుకుంటా."

"మాకు పాలేరు లేడయ్యా."

"నేను చూపిస్తాలే."

చూపించినాడు. కోర్టు వరండాలో వక్కాకు నములుతూ పొద్దు గడిపే మనిషి. మా చేను ఏ దిక్కున ఉందో కూడా తెలియదు వాడికి. నాయన తల వంచుకున్నాడు. ఇంతమంది చదువుకున్నోళ్లు కూడి చేసే పని ఇదా అనిపించింది నాకు.

విచారణ నాటికి కొర్ర వెన్ను తీసింది. నేను బోను ఎక్కినప్పుడు బావను బయట కూర్చోబెట్టినారు. అవతలి వకీలు లేచి, "మీ పాలేరు ఈ ఏడు ఎప్పుడు విత్తినాడు?" అన్నాడు.

నేను మా వకీలు వైపు చూసినా. ఆయన ఉత్తరీయం కొంగు కంటికి అద్దుకుంటూ, ఏడువు ఏడువు అని సైగ చేస్తున్నాడు. నేను కంటికి కొంగు అద్దుకోలేదు.

"పాలేరు లేడు. నేనే దున్నినా, నేనే విత్తినా," అన్నా.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వినారు. మా వకీలు కాగితాల్లో మొహం దాచుకున్నాడు. తీర్పు చెప్పే మునసబు మాత్రం కలం కింద పెట్టి, "ఏమి విత్తినావమ్మా?" అన్నాడు.

"కొర్ర, దొరా. ఆరు సాళ్లకు ఒక కంది సాలు. ఉత్తరం పక్క రాళ్లకుప్ప కాడ కొర్ర మొలవలేదు. అక్కడ ఆముదం పెట్టినా."

ఆయన అంతా రాసుకుని, వెంటనే బావను పిలిపించి అదే మాట అడిగినాడు. బావ అటూ ఇటూ చూసి, "జొన్న, దొరా," అన్నాడు. రెండేళ్లుగా సేద్యం చేస్తున్నానన్న మనిషి! కనీసం ఒక్కసారి గట్టు మీద నిలబడి చూసి రావాలన్న తెలివి కూడా లేకపాయె.

మునసబు కోర్టు మనిషిని చేనికి పంపించినాడు. నేను చెప్పింది చెప్పినట్టు ఉందని అతను రాసిచ్చినాడు. బావ ఆ చేనులో అడుగు పెట్టగూడదని తీర్పయింది.

ఆరోజు వరండాలో మా వకీలు నలుగురిని చుట్టూ నిలబెట్టుకుని, "ఆడమనిషితో ఉన్నదున్నట్టు చెప్పించడమే నా ఎత్తు," అంటున్నాడు. నన్ను చూసి, "ఏమమ్మా, నేను చెప్పినట్టు చేస్తే గెలవలేదా?" అన్నాడు.

"పాలేరును అడగండయ్యా," అని బస్సుకు నడిచినా. నాయన ఆపుకోలేక దగ్గుతున్నట్టు నవ్వినాడు.

కొర్ర కోసేనాడు బావ మా చేని పక్క దోవలో వచ్చినాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. కొడవలి చేతిలో పట్టుకుని, ఆయన మలుపు తిరిగిందాకా చూస్తూనే నిలబడినా.