కూర్చోకూడని కుర్చీ

నాకు పాత తోలు కుర్చీల పిచ్చి. అమెరికా ఇంకా ఇంగ్లండ్ చేతికింద ఉన్న రోజుల్లో అక్కడి వడ్రంగులు చేసినవి. నిటారు వీపు, అంచు పొడుగునా ఇత్తడి మేకులు, చల్లటి నేలకు పాదాలు తగలకుండా ఉండాలని ఎత్తుగా పెట్టిన సీటు. కెనడాలో మేముండే కిచెనర్‌లో వారమంతా ఆఫీసు పనితో కుస్తీ పట్టి, శనివారం వస్తే చాలు, చుట్టుపక్కల ఎక్కడ వేలం ఉంటే అక్కడికి డ్రైవ్ చేస్తాను. నగల పిచ్చి ఉన్న పెళ్ళాం దొరికినా బాగుండేదని మా ఆయన సణుగుతాడు. సణగనీ. కారులోంచి కుర్చీ దింపేది మాత్రం ఆయనే.

వాటన్నిటిలో నాకు ప్రాణం, మా పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో దొరికిన చేతుల కుర్చీ. దాని తోలు మొదట వేసినదే. అంత పాత తోలు మిగలడమే అపురూపమనీ, బరువు పడితే చీలుతుందనీ అమ్మినాయన మరీమరీ చెప్పాడు. ఇంటికి తెచ్చి హాల్లో పెట్టి, ఈ చేతి నుంచి ఆ చేతికి ఎర్ర రిబ్బను కట్టేశాను. మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇట్స్ జస్ట్ అ చెయిర్!" అంది. నేను చూసిన చూపుకి మేడెక్కి వెళ్ళిపోయింది.

మాతోనే ఉండే మా అత్తగారు ఊరుకునే రకం కాదు. "కూర్చోకూడనిదాన్ని కుర్చీ అంటారుటే?" అన్నారు.

నిజానికి ఆవిడకి రిబ్బను అక్కర్లేదు. మడి మనిషి. తోలు తగిలితే మళ్ళీ స్నానం చేయాల్సిందే. నా బెల్టుకీ హ్యాండ్‌బ్యాగుకీ కూడా ఆమడ దూరంలో నడుస్తారు. ఎవర్నీ కూర్చోనివ్వని నేనూ, చచ్చినా కూర్చోని ఆవిడా, ఈ ఒక్క విషయంలో మాకు భలే కుదిరింది.

ఆవిడ మోకాళ్ళు అరిగాక వచ్చింది చిక్కు. మా సోఫాలో కూర్చుంటే మనిషి లోపలికి దిగిపోతుంది. ఎవరైనా చెయ్యి పట్టి లాగితే తప్ప లేవలేరు. డైనింగ్ కుర్చీలకు ఊతానికి చేతుల్లేవు. లేవడానికి వీలుండే కుర్చీ కొంటామంటే, ఆస్పత్రి సామాను ఇంట్లోకి తేవద్దన్నారు. నలుగురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. "అమ్మాయ్, కాస్త లేపవూ" అన్నప్పుడు ఆ గొంతు ఎంత చిన్నదైపోయేదో! నేను ఆఫీసు కాల్‌లో ఉంటే అసలు పిలిచేవారే కాదు. ఓసారి పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే, సోఫాలోంచి చూస్తూ ఉండిపోయారు.

ఈ చలికాలంలోనే, ఒక పొద్దున కాల్ ముగించి మేడ మీంచి దిగేసరికి ఎర్ర రిబ్బను శుభ్రంగా మడిచి కిటికీ గట్టు మీద పెట్టి ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుని, మా అత్తగారు నా కుర్చీలో కాఫీ తాగుతున్నారు. నా గుండె గుభేలుమంది. ముందు కుర్చీ కోసం, ఆ తర్వాత ఆవిడ మడి కోసం.

"అత్తయ్యా, అది తోలు!"

"తెలుసులేవే. గుళ్ళో మృదంగం దేంతో చేస్తారేం? అదీ తోలేగా! దేవుడి ముందు వాయిస్తే రాని తప్పు, నేను కూర్చుంటే వచ్చిందా?"

ఇన్నేళ్ళూ ఈ మృదంగం ఎక్కడ దాక్కుందని అడగబోయాను. ఆలోపే ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, ఒక్క ఊపున లేచి నిలబడ్డారు. సాయానికి నేను చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తోలు కిర్రుమంది.

ఆవిడ మొహం వాడిపోయింది. "చీలిందా?"

వంగి చూశాను. ఇత్తడి మేకు పక్కన వెంట్రుకంత చీలిక. నిన్న లేదు.

"ఏం కాలేదత్తయ్యా. బాగానే ఉంది."

"అయితే ఇంకోసారి లేస్తా, చూడు," అని మళ్ళీ కూర్చున్నారు.