మూడు పొరల రంగు

తొంభైల్లో సోమశిల నీళ్ళలో తిరిగే ఒక పాత మోటారు బోటు నా చేతికింద ఉండేది. ఇంజను చుట్లు చూపే మీటరు ముల్లు ఊరికే ఎగురుతుంటే రెండు మీటర్లు మార్చాను. మూడోదీ అంతే చేసింది. బోటును తుక్కుకి వేస్తానన్నాడు యజమాని. ఆ దరిద్రపు మీటరును వైరుతో సహా పీకి, బాగు చేయిద్దామని ఆత్మకూరులో నెల్లూరు బస్సెక్కాను.

పక్క సీట్లో పొగాకు నములుతున్న ముసలాయన, గోళ్ళనిండా గ్రీజు.

"ఏంది రోగం దీనికి?"

"బోటు మీటరు. ముల్లు ఎగురుతా ఉండాది."

అడక్కుండానే వైరు చివర ఇంజను ఇనుముకి బిగించే ఎర్తు రింగును నోట్లో పెట్టుకుని పళ్ళతో గీకాడు. పెచ్చులు అరచేతిలోకి ఉమ్మి నా ముఖం ముందు పెట్టాడు. పొగాకు ఎంగిలిలో నీలం, పచ్చ, ఎరుపు.

"ఏటా ఆయుధపూజకి బోటుకి రంగేసినారే, రింగుక్కూడా ఏసినారు. ఇంక ఎర్తు యాడ తగలతాది?"

తడి రింగును నా చేతిలో పెట్టి సంగంలో దిగిపోయాడు.

తిరిగొచ్చి బిగిస్తే ముల్లు నిలకడగా నిలిచింది. మూడేళ్ళూ ఆ కుంచె పట్టింది నేనే. ఆయన ఎంగిలి తగిలిందని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నది ఆ చేతినే.