మీటరు మీద బొట్టు

హరికథ చెప్పే ఒకావిడతో, ఆవిడ ఊపిరి అయిపోయిందని చెప్పాను. అది నిజం కాదని మూడు నెలల్లో నాకు తెలిసింది. తెలిసిన సంగతి ఆవిడకు చెప్పకుండా తొమ్మిదేళ్లు ఊరుకున్నాను. ఈ మధ్య రాజమండ్రిలో ఎవరో పాత స్టూడియోల కబుర్లు చెబుతూ, ఆ రోజుల్లో నా రికార్డింగు ఎంత శుభ్రంగా ఉండేదో అని నా ముందే పొగిడారు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు సిగ్గుపడి, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

నన్ను సౌండ్ ఇంజనీరు అనేవాళ్లు. నేనే అలా అనిపించుకున్నాను. అంతకుముందు నాది మైక్‌సెట్ అద్దె వ్యాపారం. పెళ్లిళ్లకు, ఉత్సవాలకు కొబ్బరిచెట్టెక్కి సౌండ్ బాకాలు కట్టిన అనుభవమే నా చదువు. తొంభైల చివర్లో ఒక బట్టల కొట్టు మీద గది తీసుకుని, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, బయట ‘డిజిటల్ రికార్డింగ్ థియేటర్’ అని బోర్డు పెట్టాను. లోపల డిజిటల్‌ది ఒక్క గోడ గడియారమే. గుడ్ల అట్టల్లో ఒక్కో గుంటలో ఒక్కో బొద్దింక కాపురం ఉండేది. రికార్డింగు మొదలైతే చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేవాణ్ణి. పాడేవాళ్లు చెమటతో తడిసిపోతుంటే, అద్దం వెనక నా ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. దాన్ని స్టాండర్డ్ అనేవాణ్ణి.

ఆ గదికి గౌరవమంతా ఒక పెట్టె వల్ల వచ్చింది. మద్రాసు వెళ్లి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ప్రీయాంప్. మైకులోంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచడం దాని మొదటి పని. దానిలోనే ఈక్వలైజర్ ఉంది, గొంతులో బరువు, మెరుపు ఎంతెంత ఉండాలో అది సరిచేస్తుంది. కంప్రెసర్ కూడా ఉంది. శబ్దం ఒక హద్దు దాటి పెద్దదైతే అది నొక్కిపెడుతుంది. నొక్కాక ఎంతసేపటికి వదలాలో చెప్పడానికి వేరే నాబ్ ఉంటుంది. ఎంత నొక్కుతోందో చూపించడానికి ముందువైపు గాజు కింద ఒక ముల్లు ఉంటుంది, అదే మీటరు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: నాబ్‌లన్నీ కుడివైపు చివరిదాకా తిప్పితే పెట్టిన ఖరీదుకు న్యాయం జరుగుతుందని.

నాకు పనిచ్చే క్యాసెట్ల షావుకారు ఆ పెట్టెను చూడటానికి ప్రత్యేకంగా వచ్చాడు. దేవుడి పాటలు, కథలు క్యాసెట్లుగా వేయించి, మెయిన్ రోడ్డు మీద కొట్లో అమ్మేవాడు. సంగీతం మీద ఆయనకున్న పట్టు, క్యాసెట్టు అట్ట మీద దేవుడి బొమ్మ ఎంత పెద్దగా ఉండాలన్న దగ్గరే ఆగిపోయింది.

“కంప్రెసర్ అంటే ఫ్రిజ్జులో ఉండేది కదండీ?” అన్నాడు.

“ఇది సౌండుకండీ. చిన్న శబ్దాన్ని పెద్దది చేసుద్ది, పెద్దదాన్ని అణిచి పెడద్ది.”

“అదంతా నాకెందుకండీ. నరసాపురం బస్సులో ఇంజను పక్క సీట్లో కూర్చున్నోడికి ప్రతి ముక్కా వినపడాల. అంతే.”

“ఆయ్, వినపడుద్దండీ. దీని పనే అది.”

నరసాపురం బస్సే మా ఇద్దరికీ ప్రమాణం. పల్లవైనా చరణమైనా, ఏడుపైనా నవ్వైనా, అన్నీ ఒకే ఎత్తున ఇస్త్రీ చేసి ఇస్తే అది మంచి రికార్డింగు.

ఆ దసరాకు ఆయుధపూజ చేశాం. మైకులకు, టేపు మెషిన్‌కు, చివరికి స్టూలుకు కూడా పసుపు కుంకుమలు పెట్టాం. పెట్టె కొత్తది కాబట్టి దానికి విశేష మర్యాద జరిగింది. ముల్లు ఉన్న గాజు మధ్యగా బాగా కనబడుతుందని, దాని నిండా గంధం పూసి, మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను. ఆ బొట్టు మళ్లీ దసరాకే తుడవాలి. మధ్యలో తుడిస్తే అరిష్టమని మైక్‌సెట్ల వాళ్లందరిలో ఒక పట్టింపు. నేను ఇంజనీరునైపోయినా ఆ పట్టింపు మాత్రం వదల్లేదు. ముల్లు కనపడటం లేదన్న బెంగా లేదు. దాన్ని చూసి ఏం చేయాలో తెలిస్తే కదా బెంగ.

బొట్టు పెట్టిన నెలలోపే షావుకారు ఆ హరికథ ఆవిడను రికార్డింగుకు పిలిపించాడు. ఆవిడది రామచంద్రపురం దగ్గర ఊరు. యాభై దాటిన మనిషి, గోదావరికి రెండు వైపులా ఆవిడ కథ తెలియని ఊరు లేదు. నేను మైక్‌సెట్ నడిపే రోజుల్లో ఆవిడ కథలకు ఎన్నోసార్లు మైకు పెట్టాను. పెట్టి ఊరుకుంటే చాలు, యాంప్లిఫయర్ ముట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. గొంతు పెంచేటప్పుడు రెండడుగులు వెనక్కి నడిచేవారు. రహస్యంలాంటి మాట వస్తే మైకు దగ్గరకు వంగేవారు. చేతిలో చిడతలు వాయించేటప్పుడు ఆ చెయ్యి పక్కకు తీసేసేవారు. నా పెట్టె చేయాల్సిన పనంతా ఆవిడ కాళ్లే చేసేవి. ఇది నా కళ్లతో చూసిందే. చూసి ఏమీ నేర్చుకోని ప్రజ్ఞ నాది.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ గజ్జెలు కట్టుకుని, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి నా బల్ల మీద పెట్టి, మైకు ముందు నిలబడ్డారు. నేను సుద్దముక్కతో నేల మీద గీత గీశాను.

“ఈ గీత దాటకండమ్మగారూ. కదిలితే సౌండ్ మారిపోద్ది.”

“కదలకుండా కథేంటి బాబూ? కట్టేసి పాడమన్నట్టుంది.”

“స్టూడియో అండీ, పందిరి కాదు. చిడతలు కూడా కొంచెం మైకు దగ్గరగా పట్టండి. చిడతల మెరుపు రావాలంట, షావుకారుగారు చెప్పారు.”

ఆవిడ వెంట పదిహేనేళ్లుగా మృదంగం వాయిస్తున్న మాస్టారు ఒక మూల తన మైకు ముందు కూర్చుని, “గజ్జెలు కట్టించి నడవొద్దంటారేంటండీ?” అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంజనీర్లు నవ్వకూడదని నా అభిప్రాయం.

టేపు తిరిగింది. పెళ్లి ఘట్టం చెప్పారు. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను విన్నది గొంతు కాదు, పెట్టె ఖరీదు. పూర్తయ్యాక టేపు వెనక్కి తిప్పి, పెద్ద స్పీకర్లో అందరికీ వినిపించాను. ప్రతి పంక్తి మొదట్లోనూ గొంతు మునిగిపోతోంది. మెల్లగా తేలుతోంది. తేలేసరికి మళ్లీ మునుగుతోంది. పంక్తికీ పంక్తికీ మధ్య ఊపిరి పీల్చుకునే చప్పుడు మాత్రం కొలిమి తిత్తిలా పెద్దగా వస్తోంది. మెట్లెక్కి వచ్చిన మనిషి రొప్పుతూ కథ చెబుతున్నట్టు ఉంది.

ఆవిడ ముఖం పాలిపోయింది. “ఇది నేనేనా?” అన్నారు.

అప్పుడు నేను ఒక్క నాబ్ వెనక్కి తిప్పి, మళ్లీ ఒక్క నిమిషం పాడించి చూస్తే సరిపోయేది. కానీ అలా చేస్తే, అందరి ముందూ నా పెట్టెను నేనే అనుమానించినట్టు. కుర్చీలో వెనక్కి వాలి, వైద్యుడిలా గొంతు తగ్గించి అన్నాను:

“పందిట్లో తెలియదండీ. ఈ మెషిన్ ఉన్నదున్నట్టు చూపించేసుద్ది. మీకు ఊపిరి నిలవటం లేదమ్మగారూ. వయసు కదండీ.”

“అదేంటండీ, నిన్న కాక మొన్న మూడు గంటలు చెప్పారు!” అన్నాడు మృదంగం మాస్టారు.

“బస్సులో ఇది వింటే జనం జాలిపడతారండీ,” అన్నాడు షావుకారు. ఆయన తీర్పు అయిపోయింది.

ఆవిడ కింద కూర్చుని గజ్జెలు విప్పారు. వెళ్లేటప్పుడు, “పూతరేకులు తడి తగలకుండా చూసుకో బాబూ,” అన్నారు. చూసుకున్నాను. నాలుగు రోజులు తిన్నాను కూడా.

మూడు నెలల తర్వాత అదే కథ రికార్డు చేయడానికి షావుకారు ఒక పాతికేళ్ల అమ్మాయిని తెచ్చాడు. మృదంగానికి మాస్టారే వచ్చాడు. అదే గీత, అవే నాబ్‌లు. టేపు వెనక్కి తిప్పి వింటే అదే రొప్పు.

మాస్టారు నావైపు చూశాడు. “ఈ అమ్మాయికి కూడా వయసైపోయిందంటారా?” అన్నాడు.

కరెంటు సరిగా లేదని చెప్పి వాళ్లను టీకి పంపాను. టేపు మళ్లీ పెట్టె గుండా పోనిచ్చి, గోటితో గాజు మీద బొట్టు గీకాను. గంధం పెచ్చులుగా రాలింది. చిడత మోగిన ప్రతిసారీ ముల్లు చివరికంటా పడిపోతోంది. పడి, లేవడానికి యుగం పడుతోంది. సంగతి అంతే. చిడతల చప్పుడు మైకు పక్కనే తుపాకీలా పేలుతోంది. మెరుపు కోసం నేను ఈక్వలైజర్‌తో దాన్ని ఇంకా పెంచాను. ఆ దెబ్బకు కంప్రెసర్ మొత్తం శబ్దాన్ని నొక్కేస్తోంది, చిడతతోపాటు గొంతును కూడా. వదిలే నాబ్‌ను నేను చివరికి తిప్పి ఉంచడం వల్ల గొంతు లేచేసరికి పంక్తి అయిపోతోంది. ఆ ఖాళీలో ఊపిరి చప్పుడు మాత్రం పైకి వస్తోంది. ఆయాసం మనిషిది కాదు, పెట్టెది. దానికి ఆయాసం తెప్పించింది నేను.

రెండు నాబ్‌లు వెనక్కి తిప్పాను. చిడతలు దూరంగా పట్టమన్నాను. ఆ అమ్మాయి గొంతు నిండుగా వచ్చింది. క్యాసెట్టు బాగా అమ్ముడుపోయింది. నా రికార్డింగు శుభ్రంగా ఉంటుందన్న పేరు మొదలైంది దాంతోనే.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర మాస్టారు నన్ను ఆపాడు. “రామచంద్రపురం వెళ్లి ఆవిడకు చెప్పండి. కార్తీకమాసం కథలన్నీ వద్దనుకున్నారు. నేను చెప్తే ఓదార్పు మాటలని కొట్టిపారేస్తున్నారు. మెషిన్ మాట మెషిన్ వాడే తీసెయ్యాలండీ.”

“చెప్తానండీ,” అన్నాను.

చెప్పలేదు. మొదట షావుకారుకు తెలిస్తే పని పోతుందనుకున్నాను. తర్వాత, ఇన్ని నెలలయ్యాక ఏం చెబుతాంలే అనుకున్నాను. ఆ తర్వాత, ఆవిడకు నిజంగానే వయసైంది కదా, నా వల్ల తొందరగా విశ్రాంతి దొరికిందని కూడా అనుకున్నాను. ఈ మూడో మాట నా బుర్రలో పుట్టిందని ఒప్పుకోవడం అన్నిటికన్నా కష్టంగా ఉంది.

కంప్యూటర్లు వచ్చాయి. క్యాసెట్టు పోయింది, షావుకారు సెల్‌ఫోన్లు అమ్ముకోవడం మొదలెట్టాడు. నా పెట్టెను అటక మీద పడేశాను. అలా తొమ్మిదేళ్లు గడిచాక ఒకరోజు మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చి, నిలబడే చెప్పాడు. “ఆవిడ దగ్గర కథ నేర్చుకుంటామని నలుగురమ్మాయిలు వచ్చారు. ఊపిరి లేనిదాన్ని నేనేం నేర్పుతానని తిప్పి పంపేశారు. ఆవిడతో పాటే పోద్దండీ ఆ విద్య. మీరు ఇంకా చెప్తానంటారా?”

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నన్ను గుర్తుపట్టి, “స్టూడియో బాబువి కదూ, కూర్చో” అన్నారు. పెరట్లో ఒకతను కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు. ఆవిడ కూర్చున్నచోటు నుంచే, “ఆ చివరి గెల ముట్టుకోకయ్యా, ముదరలేదింకా!” అని కేకేశారు. ఆ కేక ఇల్లు దాటి, పెరడు దాటి, చెట్టు కొసదాకా ఎక్కడా సన్నగిల్లకుండా వెళ్లింది. చెట్టు మీద నుంచి, “సరేనమ్మగారూ” అని జవాబు వచ్చింది.

“అప్పట్లో కాకినాడ వెళ్లి ఎక్స్‌రే తీయించాను బాబూ,” అన్నారు ఆవిడ, నేనేమీ అడక్కుండానే. “ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా అన్నాడు డాక్టరు. ఆయన్ని నమ్మలేదు. నీ మెషిన్‌కు నామీద కోపమేముంటది, అబద్ధమెందుకు చెప్తదనుకున్నాను. పిప్పళ్ల కషాయం ఎంత తాగానో.”

బస్సులో సిద్ధం చేసుకున్న మాటలు బయటకు తీశాను. “ఆ రోజు మెషిన్‌లో చిన్న సెట్టింగు తేడా వచ్చిందండీ,” అన్నాను. తేడా దానంతట అదే నడిచి వచ్చినట్టు. చిడతలు, ముల్లు, బొట్టు, అన్నీ చెప్పుకొచ్చాను. అన్నిటినీ చెప్పాను, నన్ను తప్ప.

ఆవిడ చింతపండు పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు.

“తేడా వచ్చిందా, నువ్వు తెచ్చావా?”

అరుగు దిగి నిలబడ్డాను.

“నేనే తెచ్చానండీ. ఆ మెషిన్ వాడటం నాకు రాదు. రాదని ఒప్పుకోలేక మీ ఊపిరి మీదకు నెట్టేశాను. మూడు నెలల్లోనే తెలిసింది, తెలిసీ చెప్పలేదు. మీ గొంతుకు ఆ రోజూ ఏమీ కాలేదు, ఇందాక చెట్టు మీదకు వినపడింది అదే గొంతు. ఆ అమ్మాయిల దగ్గరకు వెళ్లి, వాళ్ల ముందు కూడా ఇదే చెప్తాను. తప్పు నాదండీ అమ్మగారూ. నన్ను క్షమించండి.”