పాత నంబర్‌కు వచ్చే ఓటీపీ

శుక్రవారం పొద్దున ఈదయ్య తన నంబర్‌కు తానే ఫోన్ చేశాడు. తణుకులో ఉండే జగన్నాథరావు అనే పెద్దాయన ఎత్తాడు.

ఈదయ్యది మునుగోడు దగ్గర పల్లె. ఉద్యోగ పరీక్షలకు చదువుతూ పన్నెండేళ్లుగా అశోక్‌నగర్ హాస్టళ్లలోనే ఉంటున్నాడు. తెల్లారితే చిక్కడపల్లి లైబ్రరీ, చీకటి పడితే హాస్టల్ మంచం. ఈసారి ర్యాంకు వచ్చింది. ఏ పోస్టు, ఏ జిల్లా కావాలో వెబ్‌సైట్‌లో ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే పోస్టు రాదు. అదే రోజు సాయంత్రం ఐదింటికి గడువు. వయోపరిమితి దాటిపోతోంది, అతనికి ఇంకో నోటిఫికేషన్ ఉండదు.

సైట్ తెరవాలంటే ఓటీపీ కావాలి. అది దరఖాస్తులో ఇచ్చిన నంబర్‌కే వస్తుంది.

పరీక్ష దగ్గరపడితే ఫోన్ వదిలేయడం ఈ గల్లీల్లో మామూలే. ఈదయ్య కూడా ఫోన్‌ను ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టాడు. రీచార్జ్ మానేశాడు. సిమ్ము తన దగ్గరుంటే నంబర్ తనదేననుకున్నాడు. హాల్‌టికెట్టూ ఫలితమూ పక్క మంచం సృజన్ ఫోన్లో చూసుకున్నాడు. వాటికి ఓటీపీ అడగలేదు. గురువారం పెట్టె తీసి ఫోన్ ఆన్ చేస్తే నెట్‌వర్క్ రాలేదు. నారాయణగూడలోని సిమ్ముల షాపులో అడిగాడు. మూడు నెలలు వాడని కనెక్షన్ తీసేస్తారట. ఆ తర్వాత నంబర్ ఇంకొకరికి ఇస్తారట. ఇచ్చేశారు కూడా.

"సైట్‌ల నంబర్ మార్చుకోవచ్చు గదా అన్నా?" అన్నాడు సృజన్.

"మార్చాల్నన్నా పాత నంబర్‌కే ఓటీపీ పోతది."

అందుకే సృజన్ ఫోన్ నుంచి తణుకుకు ఫోన్. చేసేముందు ఓటీపీ పంపే బటన్ నొక్కాడు.

"సార్, నమస్తే. మీకు ఇప్పుడొక మెసేజ్ వచ్చింది జూడుండ్రి. దాంట్ల ఆరు అంకెలుంటయి, జర చెప్పుండ్రి."

"ఆరూ చెప్పేయాలా? బ్యాంకు పాసుబుక్కు కూడా చదవమంటావా?"

"గట్ల కాదు సార్. ఈ నంబర్ ఇంతకుముందు నాది."

"నిన్నటివాడు కొరియర్ అన్నాడు. నువ్వు ఏకంగా నంబరే నీదంటున్నావు. బాగా తెలివి మీరారయ్యా!"

పెట్టేశాడు. ఈదయ్య మళ్లీ బటన్ నొక్కి, మళ్లీ చేశాడు. పోలీసులకు చెప్తానన్నాడు పెద్దాయన. ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఎత్తనేలేదు.

"అన్నా, ముందుగాల ఆయన్ని ఒప్పియ్యి. గప్పుడు నొక్కు" అన్నాడు సృజన్. అప్పటికే ఈదయ్య మూడోసారి నొక్కేశాడు. ఫోన్ ఎత్తగానే మెసేజ్ ఆయన ముందుండాలని అతని ఆత్రం.

నాలుగు దాటాక జగన్నాథరావు ఎత్తాడు. విసుగ్గా పేరడిగాడు.

"ఈదయ్య సార్."

పెద్దాయన వెంటనే ఇంకో పేరు అడిగాడు.

"మాసమ్మ ఎవరు?"

"మా మేనత్త సార్."

"ఆవిడా! మా ఈదన్ని ఏం జేసిన్రని వారం వారం ఈ నంబర్‌కు ఫోన్ చేసి నన్ను తిట్టేది నీ మేనత్తేనా? నే కిడ్నాపర్నని ఆవిడ నమ్మకం. ముందే పేరు చెప్పి చావొచ్చుగా బాబూ. మెసేజీలు ఉన్నాయి, చదవనా?"

చదివాడు. ఈదయ్య ఆ అంకెలు సైట్‌లో కొట్టాడు. గడువు తీరిన ఓటీపీ అని వచ్చింది.

"ఇంకోటి పంపు, లైన్లోనే ఉంటాను."

ఈదయ్య బటన్ నొక్కాడు. పరిమితి దాటింది, ఇరవై నాలుగు గంటల తర్వాత ప్రయత్నించండి అని తెర మీద పడింది. సృజన్ ఫోన్ లాక్కుని తానూ నొక్కాడు. అదే మాట.

"ఏమైంది? రాలేదే?" అని అవతల జగన్నాథరావు అడుగుతూనే ఉన్నాడు.

హెల్ప్‌లైన్ ఎంగేజ్. సృజన్ బండి మీద ఇద్దరూ నియామకాల ఆఫీసుకు పోయారు. గార్డు గేటు తీయలేదు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు ఈదయ్య.

"నా కాళ్లు మొక్కితే కంప్యూటర్ తెరుస్తదా? సోమవారం రా తమ్మీ."

ఐదు దాటాక కూడా ఈదయ్య గేటు పట్టుకునే నిలబడ్డాడు. వేళ్లు విడిపించి సృజనే బండెక్కించాడు.

శనివారం సాయంత్రం జగన్నాథరావే ఫోన్ చేశాడు. ఈపాటికి లాక్ పోయుంటుంది, పంపు అన్నాడు. ఈదయ్య నొక్కాడు. ఆయన ఆరు అంకెలూ నిదానంగా, రెండుసార్లు చదివాడు. సైట్ తెరుచుకుంది. ఆప్షన్ల గడువు ముగిసింది అని ఉంది. దాని కింద అతని పేరు, ర్యాంకు: 418.