పుల్ల దోపిన వాల్వు

మా ఆయన బాలశౌరి చేసే పని ఏందో మా రెంటచింతలలో సగం మందికి ఇప్పటికీ తెలీదు. గ్యాసు అనగానే సిలిండర్లు ఇళ్లకేసే మనిషనుకుంటారు. కాదు తల్లీ! కోనసీమలో గ్యాసు బావుల దగ్గర ప్రొడక్షన్ సూపర్‌వైజరు. రెండు వారాలు డ్యూటీ, రెండు వారాలు ఇల్లు. ఏ బావిలోంచి ఎంత గ్యాసు వస్తంది, ఏ పైపులో ప్రెషరు ఎంతుంది, దేన్ని ఎప్పుడు ఆపాలి, అంతా ఆయన పూచీ. షిఫ్టు మారేప్పుడు "అన్నీ బాగానే ఉన్నాయి సార్" అంటే ఒప్పుకోడు. ప్రతి వాల్వు దగ్గరికీ నడిచెళ్లి చేత్తో పట్టుకు చూడాల్సిందే. అంత చాదస్తం.

ఆ చాదస్తమే మా తమ్ముడు ప్రభు కొంప ముంచింది. ఐటీఐ చదివి వాడు ఖాళీగా తిరుగుతుంటే, నేనే పోరి పోరి ఈయన కింద ఆపరేటరుగా పెట్టించా. అక్కడొక బావికి, ప్రెషరు పెరిగితే దానంతటదే మూసుకుపోయే వాల్వుంది. అది ఊరికూరికే మూసుకుపోతా ఉండేదంట. ఎన్నిసార్లని పోయి తెరుస్తాడు? మన మిరప చేలల్లో కరెంటు సరిగ్గా లేక మోటరు ఆగిపోతుంటే స్టార్టరు బటన్‌కి పుల్ల దోపుతాంగా! వీడూ అదే చేశాడు. వాల్వు కదలకుండా పుల్ల దోపి, తీగతో బిగించి, హాయిగా కూర్చున్నాడు.

షిఫ్టు మారేప్పుడు ఈయన చేతికి ఆ పుల్ల తగిలింది. వెంటనే బావి ఆపించాడు. పై ఆఫీసరుకి తనే ఫోన్ చేసి ప్రభు పేరు చెప్పేశాడు. సాయంత్రానికల్లా వాణ్ణి పనిలోంచి తీసేశారు. కుదిరిన సంబంధం కూడా వెనక్కి పోయింది. మా ఇంట్లోనే ఉండే అమ్మ అల్లుడి పేరెత్తితే మొహం తిప్పుకునేది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఈయన సెలవుకి రాగానే గుమ్మంలోనే పట్టుకున్నా.

"ఏందయ్యా నువ్వు? సొంత బావమరిదిని రోడ్డున పడేస్తావా? నాలుగు తిట్టి వదిలేస్తే నీ సొమ్మేం పోయింది? బయటోడైతే ఇట్టాగే చేసేవాడివా?"

ఆయన బూట్లు విప్పి గోడ వారగా పెట్టాడు. ఈ మనిషి అరిస్తే నేనూ అరవచ్చు, అరవడు.

"బయటోడైతే తిట్టి వదిలేసేవాణ్ణేమో జాస్మిన్" అన్నాడు. "అదీ తప్పే. కానీ వీణ్ణి తీసుకుపోయింది నేను. ఇయ్యాల వదిలేస్తే రేపు ఇంకోచోట దోపుతాడు. ఏదన్నా పేలితే, వాణ్ణి బండిలో తెచ్చి మీ అమ్మ ముందు దించాల్సింది నేనేగా?"

వెనక్కి తిరిగితే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వినేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"కాళ్లు కడుక్కో నాయనా" అంది ఆయనతో. "ప్రభుగాణ్ణి పిలుస్తా. ఇద్దరూ కలిసి తిందురుగాని."