ఒక్కటీ ఊడని పాలపళ్ళు

ఆ వరద డ్యూటీలో పిల్లల సైజు ఊపిరి గొట్టాలు లేక ఇబ్బంది పడ్డామని మా మేజరు సన్మాన సభల్లో చెబుతుంటాడు. అబద్ధం. మూడున్నర నంబరు నుంచి ఆరు దాకా, అర అర తేడాతో, వరసగా ఉన్నాయి. పెట్టె సర్దింది నేనే.

అప్పుడు నేను సైన్యంలో నర్సింగ్ కెప్టెన్ని. పొద్దున ఆరూ నలభైకి భవానీపురంలో బోటు దిగాం. నడుముల్లోతు నీళ్ళు, డీజిలు కంపు, కరెంటు స్తంభానికి ఆనుకుని ఉబ్బిన గేదె. కల్యాణమండపం మేడ మీద, పెళ్ళిభోజనాల బల్లే మాకు ఆపరేషన్ బల్ల.

పదకొండింటికి ఒక నాయనమ్మ మనవరాల్ని ఎత్తుకొచ్చింది. రేకు కోసుకుని పాదం చీలింది. నెత్తురు ఆగడం లేదు. పిల్ల నోరూ ఆగడం లేదు.

“మిలట్రీ ఆంటీ, మీకు తుపాకీ లేదా?”

“సూది ఉందిగా, చాలదా?”

“సూదికెవరు భయపడతారు?”

“నువ్వే!”

రేడియో సిపాయి తల అడ్డంగా ఊపాడు. “రెండింటిదాకా బోటు లేదు మేడమ్.”

ఇక్కడే కుట్టాలి. పిల్లేమో గంట కిందటే పొట్లం పులిహోర తింది. మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని శ్వాసనాళంలోకి గొట్టం వెయ్యాలి. సైజుకో లెక్కుంది: వయసును నాలుగుతో భాగించి, నాలుగు కలపాలి. మత్తు డాక్టరైన మా మేజరు ఆధార్ కార్డు చూశాడు. ఎనిమిదేళ్ళు.

“ఆరో నంబరివ్వండి.”

నేను అప్పటికే పిల్ల నోరు తెరిపించి చూశాను. “సర్, పాలపళ్ళు ఒక్కటీ ఊడలేదు. ఎనిమిదెలా అవుతాయి? ఐదు వేద్దాం.”

“ఐదెళ్ళి ఆరొచ్చిందండీ,” అంది నాయనమ్మ. “బళ్ళో చేర్చుకోరని మావాడే కార్డులో ఎక్కువ రాయించాడండీ.”

“కేసు షీటులో ఏం రాయమంటారు కెప్టెన్ గారూ, పళ్ళనా?”

“రాయండి సర్. ఇక్కడ నిజం చెప్పేవి అవే.”

“ఆరు. ఇది ఆర్డరు.”

ఇచ్చాను. ఈ చేతిని చూస్తే ఇప్పటికీ నాకు రోత.

పిల్లకి మత్తిచ్చి గొట్టం దించితే, స్వరతంత్రులు దాటాక ఇరుక్కుంది. మెలితిప్పి నెట్టాడు. “సర్, ఆపండి!” అన్నాను. మళ్ళీ నెట్టాడు. అంచున నెత్తురు. పెదాలు నీలం తిరిగాయి. అప్పుడు బయటికి లాగి, నా మొహం చూడకుండా చెయ్యి చాపాడు. పిల్లకి మాస్కు పెట్టి గాలి కొట్టి, ఐదో నంబరు అందించాను. అది తేలిగ్గా దిగింది.

పాదం కుట్టాం. రిపోర్టులో ‘తగిన సైజు గొట్టాలు అందుబాటులో లేవు’ అని రాసుకున్నాడు. నేను సంతకం పెట్టలేదు. ఆయనకి శాలువాలకేం లోటు రాలేదు.

మెలకువొచ్చాక పిల్ల పక్కన కూర్చున్నాను. “ఏమే, తుపాకీ తెప్పించమంటావా?” నోరు తెరిచింది. చిన్నచిన్న తెల్లటి పళ్ళన్నీ కనబడ్డాయి. మాట రాలేదు. ఈలలాంటి గాలి మాత్రం వచ్చింది. రెండింటి బోటులో నాయనమ్మ ఒళ్ళో పెద్దాసుపత్రికి వెళ్ళిపోయింది. తొమ్మిదో రోజు డ్యూటీ ముగిసి నేనూ ట్రక్కెక్కాను.

ఇప్పుడు మంగళగిరిలో ఉంటున్నాను. కాలనీవాళ్ళు వరద కథ చెప్పమంటారు. నాకు మాత్రం తెరిచిన ఆ నోరే కనబడుతుంది. ఈపాటికి ఆ పళ్ళన్నీ ఊడి కొత్తవి వచ్చుంటాయి. గొంతు వచ్చిందా?